బావగారు బిగించిన స్టీరింగు

మా బావగారు పోయారు. క్రితం నెల ఒక బుధవారం పొద్దున్నే నిడదవోలు నుంచి అక్క ఫోను చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రాజమండ్రి నుంచి కారులో బయలుదేరాను. ఆ కారు స్టీరింగు ఎనిమిదేళ్ళుగా వంకరగా ఉంది. బండి తిన్నగా వెళ్ళాలంటే స్టీరింగుని ఎడమకి నాలుగు వేళ్ళ మేర వంచి పట్టుకోవాలి. ఆ వంకర పెట్టింది మా బావగారేనని ప్రతి పెళ్ళిభోజనం దగ్గరా పదిమందికీ చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆయన రైల్వేలో సిగ్నళ్ళు చూసేవారు. పని అంటే ఎంత ప్రేమో, పరాయి పనివాడంటే అంత అపనమ్మకం. అత్తవారింటికి వస్తే కాళ్ళు కడుక్కోకముందే ఏ పంపు కారుతోందో చెవి ఒగ్గి వినేవారు. ఇలాంటి అల్లుడు దొరకడం అదృష్టమని అమ్మ మురిసిపోయేది. అదృష్టమో కాదో పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడేవాణ్ణి అడగాలి. మీ ఇంట్లోనూ ఇలాంటి బావగారు ఉంటే నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఎనిమిదేళ్ళ కిందట అమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. కాకినాడలో ఆపరేషనుకి రోజు తీసుకోవడం, ఏదో సాకు చెప్పి అమ్మ మానేయడం రెండుసార్లు అయింది. మూడోసారి, "బస్సు నాకు పడదు. అద్దె కారులో సిగరెట్టు కంపు. నీ కారులో అయితే వస్తాను," అని ఒప్పుకుంది. సోమవారం పొద్దున్నే ప్రయాణం. ఈసారి తప్పిందంటే మళ్ళీ ఒప్పుకోదు, చూపు పూర్తిగా పోతుంది. సరిగ్గా ముందటి గురువారం కారు కింద ఎర్రటి నూనె మడుగు కట్టింది. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాలని తిప్పే ర్యాక్ కారిపోతోందని, శనివారానికల్లా కొత్తది వేసి ఇచ్చేస్తానని షెడ్డువాడు చెప్పాడు. సరే అని ఊరుకోవలసింది. నా బుద్ధి గడ్డి తిని అక్కకి ఫోను చేసి చెప్పాను.

శుక్రవారం సాయంత్రం పాసింజరులో బావగారు దిగారు. భుజాన రెక్సిను సంచి, గోనెలో రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కల ముక్కలు నాలుగు.

"ఏమోయ్, ఇంట్లో మనిషిని పెట్టుకుని షెడ్డేంటి?" అన్నారు. ర్యాక్ మాత్రం కొనిపించి, షెడ్డువాణ్ణి వద్దనేశారు.

శనివారం కారుని ఆ చెక్కల మీదికి ఎక్కించడానికే మధ్యాహ్నమైంది. "జాకీ ఉన్నది ఎత్తడానికోయ్, నిలబెట్టడానికి కాదు," అంటూ ఒక్కో చెక్కనీ మూడేసిసార్లు తట్టి చూశారు. విప్పిన బోల్టులు పెట్టడానికి మా ఆవిడ చేత ఇడ్లీ రేకులు తెప్పించారు. ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, అదీ విప్పిన వరసలోనే. ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో ఇడ్లీ ఎవరూ ముట్టుకోలేదు. తుప్పు పట్టిన బోల్టు ఒకటి కదలకపోతే దాని మీద కిరసనాయిలు పోసి, గంట నాననివ్వాలంటూ టీ తెప్పించుకుని కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, సోమవారం అమ్మ ఆపరేషనండి. సుత్తితో రెండు దెబ్బలు వేద్దామండి."

"మర్యాదగా అడిగితే మర అదే తిరుగుతుందోయ్. మా అత్తయ్యగారు కూర్చునే బండి ఇది," అని ఇంకో గుక్క తాగారు.

చీకటిపడే వేళకి పాత ర్యాక్ బయటికి వచ్చింది. అది లేనంతసేపూ స్టీరింగు ఉన్నచోటు నుంచి కదలకూడదట. కదిలితే కొత్తది బిగించాక వంకర వస్తుందట. మా కారు స్టీరింగు లాకు ఎప్పుడో పాడైంది. అందుకని బావగారు జిడ్డు చేతులతోనే భుజం మీది కండువా తీసి, స్టీరింగుని సీటు కాళ్ళకి గట్టిగా కట్టేశారు. ఆ ముడి ఎవరూ ముట్టుకోవద్దని నాకూ మా ఆవిడకీ చెప్పారు.

ఆదివారం నేను లేచి వెళ్ళేసరికి ఆయన స్టీరింగు ముందు కూర్చుని, ఒక కన్ను మూసి, దాన్ని కొంచెం కొంచెం జరిపి చూసుకుంటున్నారు. కండువా లేదు.

"కండువా ఏదండి?"

"తీసేశానోయ్," అన్నారు.

ఆ రోజంతా బిగింపే. దీపాలు పెట్టే వేళకి కారు నేల మీదికి దిగింది. వీధి చివరిదాకా నడిపి చూశాను. చుక్క నూనె కారలేదు. చేతికి హాయిగా తిరుగుతోంది. స్టీరింగు మాత్రం వంకర. మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా కక్కేశాను. షెడ్డువాడైతే ఇలా చేసి ఇచ్చేవాడా అని కూడా అన్నాను. బావగారు చేతులు తుడుచుకుంటూ పెరట్లో దండెం వైపు ఒకసారి చూశారు.

"పళ్ళచక్రంలో ఎక్కడో ఒక పన్ను తప్పిందోయ్. పొరపాటు నాదే. విప్పి మళ్ళీ వేస్తాను."

"మీకు దణ్ణం పెడతాను, ఇంక ముట్టుకోకండి," అన్నాను.

వంకర స్టీరింగుతోనే కాకినాడ వెళ్ళొచ్చాం. అమ్మకి చూపు వచ్చింది. ఆ తర్వాత ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా అది అరగంట పని. నేను చేయించలేదు. ఆయన గొప్పలు చెప్పబోతే చూపించడానికి ఒక సాక్ష్యం ఉండాలి కదా. వచ్చినప్పుడల్లా, "సరిచేసేదా?" అని అడిగేవారు. "వద్దండి, మీ గుర్తుగా ఉండనివ్వండి," అనేవాణ్ణి. ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

ఆయన పోయిన పదో రోజున అక్క ఆ రెక్సిను సంచి తెచ్చి నా చేతికిచ్చింది. పైన ఆ కండువా మడతపెట్టి ఉంది. నూనె మరక పూర్తిగా వదల్లేదు. నోరు ఊరుకోక, "స్టీరింగు సరిచేయకుండానే వెళ్ళిపోయారు," అన్నాను.

"అది ఆయన చేసింది కాదురా. అమ్మ," అంది అక్క. "ముట్టుకోవద్దని మీకు చెప్పినప్పుడు అమ్మ స్నానానికి వెళ్ళిందిట. మర్నాడు తెల్లవారుతూనే లేచి, చేతికి తగిలిన అల్లుడుగారి కండువాకి ఈ జిడ్డేంటని, ముడి విప్పి ఉతికి ఆరేసింది. చూపు ఆనని మనిషి, ఎందుకు కట్టారో ఆవిడకేం తెలుసు?"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే అమ్మ బాధపడి, ఆపరేషను మళ్ళీ మానేస్తుందని."

"పోనీ తర్వాత?"

"తర్వాత నువ్వు అమ్మని ఏమైనా అంటావని. నీ నోరు ఆయనకి తెలుసు కదరా."

సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి చెప్పి ఉంటే, క్షమించమని అడిగే అవకాశమైనా నాకు దక్కేది. అది కూడా ఇవ్వకుండా నవ్వుతూ వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కాం. కింద రైలు వెళ్తోంది. అమ్మ స్టీరింగు వైపే చూస్తోంది.

"అన్నీ తెలిసిన మనిషి. ఇదొక్కటీ ఎలా తప్పారో," అంది.

"ఆయన తప్పేం లేదమ్మా. ఆ రోజు స్టీరింగు నేనే కదిపేశాను."

"అనుకుంటూనే ఉన్నాను. నీకు మొదట్నుంచీ తొందరే," అంది అమ్మ.

వెనక సీట్లో సంచి మీద కండువా ఉంది. స్టీరింగుని ఎడమకి నాలుగు వేళ్ళ మేర వంచి పట్టుకున్నాను. బండి తిన్నగా గోదావరి దాటింది.