గాజువాకలో మణి ఉంచిన చీకటి

నాటకానికి లైట్లు వేయడం కూడా ఉద్యోగమేనా అమ్మమ్మా అని ఫోన్లో అడిగావు కదా బుజ్జీ, ఉద్యోగమే. మీ మణి పిన్నికి ఆ ఉద్యోగం దొరుకుతుందో లేదో తేలే రోజున నేను గాజువాక వెళ్ళాను.

పన్నెండింటికి పెందుర్తిలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చాడు. పక్కన పూర్ణా మార్కెట్‌కి వెళ్ళే ఒకామె ఖాళీ సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాటకానికి లైట్లు వేసే మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను.

"లైట్లెయ్యడానికి ఏటుందమ్మా? స్విచ్చి నొక్కితే ఎలుగుద్ది గదా," అంది.

"ఎప్పుడు ఆర్పాలో తెలాల గదమ్మా."

"మా కోడలికి అదే తెల్దు. పట్టపగలు కూడా ఎలుగుతానే ఉంటాది."

ఎన్ఏడీ జంక్షన్‌లో బస్సు మారి, గాజువాకలో షేర్ ఆటో ఎక్కి, రెండింటికల్లా నాటకం ఆడే హాలుకి చేరాను. పులిహోర తీసుకెళ్ళాను. మణి ముట్టలేదు.

"తర్వాత తింటానమ్మా. ఆయనొచ్చేసారు," అంది.

ఆయనంటే ఏడాది పొడుగునా ఊళ్ళు తిరిగి ఆడే ఒక నాటక సమాజం పెద్ద. ఆయనకి నచ్చితే మణికి వాళ్ళతో పని. నచ్చకపోతే సెల్ షాపులో చేరతానని వాళ్ళ నాన్నకి మాటిచ్చేసింది.

మూడింటికి తెర లేచింది. వెనక వరసలో, ఆయన పక్కనే నాకు సీటు దొరికింది. రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ. చివరి పద్యం అయిపోతూండగా లైటు మెల్లగా తగ్గి పూర్తిగా చీకటి పడాలి, తెర దిగాలి. మణి అంతా ముందే లైట్లు నడిపే బోర్డులో అమర్చుకుంది. కానీ రిహార్సళ్ళన్నీ ఖాళీ కుర్చీల ముందే జరిగాయి. పద్యం బాగుంటే మనవాళ్ళు వన్స్ మోర్ అంటారని, అంటే మళ్ళీ పాడాల్సిందేనని ఎవరికీ గుర్తు రాలేదు.

చీకటి పడగానే, తెర దిగకముందే, హాలంతా వన్స్ మోర్ అంది. హార్మోనియం మొదలైంది. రాజు చీకట్లోనే పద్యం ఎత్తుకున్నాడు.

"కరెంటు పోనాదేటి?" అన్నారు ముందు వరసలో ఎవరో.

పక్కనున్న పెద్దాయన ముందుకి వంగాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. బోర్డు దగ్గర చిన్న నీలం బల్బు కింద మణి చెయ్యి మీట మీదే ఉంది, కదల్లేదు. సగం పద్యం అలాగే గడిచింది.

అప్పుడు స్టేజీ పక్క నుంచి ఒకే ఒక్క లైటు వచ్చి రాజు చెంప మీద పడింది. మొదటిసారి పాడినప్పుడు బంగారు వెలుగులో రాజే కనిపించాడు. ఇప్పుడు కనిపించింది ఒంటరి ముసలాయన. ఈలలు ఆగిపోయాయి. ఆఖరి మాటతో పాటే మణి ఆ లైటూ తీసేసింది. మళ్ళీ వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.

పెద్దాయన లేచి నేరుగా మణి దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"అంతసేపు సీకటి ఉంచడానికి గుండె ధైర్యం ఉండాలమ్మా. పై నెల నుంచి మాతో వచ్చీ," అన్నాడు.

"అలాగేనండి," అంది మణి, తల దించుకుని.

అయిదున్నర బస్సుకి తిరిగొచ్చాం. నువ్వెప్పుడైనా నాటకానికి వెళ్తే వెనక వరసలోనే కూర్చో బుజ్జీ, స్టేజీ మీది వెలుగూ, దాన్ని వేసే చెయ్యీ రెండూ కనబడతాయి. ఆ రోజు దారిలో షీలానగర్ దగ్గర మణిని ఒక మాట అడిగాను. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊళ్ళు తిరిగి వచ్చినప్పుడల్లా మళ్ళీ అడుగుతాను, నవ్వి పులిహోర ఉందా అంటుంది.

"ఆ సీకటి నువ్వు కావాలనే ఉంచావా మణీ, సెయ్యాడక ఉండిపోయావా?"