నునుపు చేసిన పగులు

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది. హైటెక్ సిటీలో, విదేశాల్లోని పాత కట్టడాలకు కంప్యూటర్ నమూనాలు తయారుచేసే కంపెనీలో నాకది నాలుగో సంవత్సరం. అక్కడివాళ్లు లేజర్ యంత్రంతో కట్టడాన్ని స్కాన్ చేసి పంపుతారు. తెర మీద అది లక్షల చుక్కల గుంపుగా కనబడుతుంది. దాన్ని పాయింట్ క్లౌడ్ అంటాం. ఆ చుక్కలను కలిపి రూపం తేవడమే మా పని.

ఆ వేసవిలో ఇంగ్లండులోని ఒక పల్లె చర్చి పని వచ్చింది. అందులో బాప్తిస్మపు తొట్టి నా వంతుకు పడింది. ఎనిమిది వందల ఏళ్ల నాటిది, ఒకే రాయిని తొలిచి చేసింది. చుట్టూ చిన్న చిన్న కమానులు, ఒక్కో కమాను కింద ఒక్కో మనిషి బొమ్మ. తరాల తరబడి చేతులు తగిలి ఎవరికీ ముక్కు మిగల్లేదు. తలుపు దగ్గరున్న ఆ తొట్టిని జరిపి అక్కడ టీ కౌంటర్ కట్టాలని చర్చివాళ్ల ఆలోచన. ఎలా ఎత్తాలో మా నమూనా చూసి అక్కడి ఇంజినీరు నిర్ణయిస్తాడు.

వారంలో రెండు రోజులు చందానగర్‌లోని మా ఇంటి నుంచే పని చేసేదాన్ని. నాన్న తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. అంతకుముందు ఇరవై ఏళ్లు ఊళ్లో రాయి పని చేశాడు. రోళ్లు, తిరగళ్లు, గడప రాళ్లు చెక్కేవాడు. ఒకరోజు డ్యూటీ లేక ఇంట్లో ఉండి, నా వెనక నిలబడి తెర చూశాడు.

"గా అంచుల ఉన్నదేంది బిడ్డా?"

"ఇనుప కొక్కెం నాన్నా. పాతకాలంల మూతకు తాళం ఏసేటోళ్లంట, దేవుని నీళ్లు ఎవరూ ఎత్కపోకుండ."

"ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతది. రాయిని లోపల్నించే పగలగొడ్తది. కొక్కెం కాడికెల్లి కిందికి దిగింది చూడు, గది గీత కాదు, పగులు. అంచుకు తాడేసి లేపితే రెండు ముక్కలైతది. జర చెప్పు వాళ్లకు."

ఆ గీతను నేనూ చూశాను. స్కాన్‌లో వచ్చే తప్పుడు చుక్కలనుకున్నాను. పెద్దది చేసి చూస్తే, కమాను చెక్కడం పక్కనుంచి అడుగుదాకా పోయింది.

మర్నాడు ఆఫీసులో ఫైలుకు ఆ సంగతి ఒక నోట్‌గా జోడించాను. మా టీమ్ లీడ్ శ్రీధర్ గారు పిలిచారు.

"లావణ్య గారూ, ఇది మన స్కోప్‌లో లేదండి. మనం ఆకారం ఇస్తాం, రాయి ఎలా ఉందో చెప్పం. అయినా పగులని మీకెవరు చెప్పారు?"

"మా నాన్న సార్. రాయి పని తెలుసు."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"సెక్యూరిటీ గార్డు."

పక్క సీట్లో ఎవరో నవ్వారు. శ్రీధర్ గారు నవ్వలేదు. "క్లయింట్‌కి అదే రాయమంటారా?" అన్నారు. "ఆ గీత కూడా తీసేయండి. క్వాలిటీ చెక్‌లో ఎర్రర్ చూపిస్తుంది."

నాకు సిగ్గేసింది. ఆ నవ్వినవాళ్లను చూసి కాదు, నాన్న పేరెత్తినందుకు. నోట్ తొలగించాను. తర్వాత మౌస్‌తో ఆ పగులును నేనే నునుపు చేశాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు నెలలకు మెయిల్ వచ్చింది. ఎత్తుతుండగా కొక్కెం దగ్గర తొట్టి రెండుగా చీలిందట. నమూనాలో ఏ లోపమూ కనబడలేదని ఇంజినీరు రాశాడు. రాతి స్థితితో మాకు సంబంధం లేదన్న ఒప్పందంలోని పేరాను మావాళ్లు జవాబుగా పంపారు. ఆ పైవారం చర్చివాళ్లు ముక్కలు అతికించడానికి మళ్లీ మా నమూనానే అడిగారు. కొత్త ఆర్డర్ వచ్చినందుకు టీమ్‌కు అభినందనలు అందాయి. అందులో నా పేరు ముందుంది.

"గా తొట్టి ఏమైంది?" అని ఒకరోజు నాన్న అడిగాడు.

"పగిలింది నాన్నా."

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. వాళ్లు ఇనలే."

"మన మాట ఎవలింటరు తియ్" అని నాన్న యూనిఫాం తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏ స్కాన్‌లోనూ గీతను చెరపలేదు. రెండుసార్లు నా ఫైళ్లు వెనక్కి వచ్చాయి, ఒకసారి ప్రమోషన్ తప్పింది. ఇందులో గొప్పేమీ లేదు. తెలియక చేసిన తప్పును దిద్దుకోవచ్చు. తెలిసీ చెరిపేసినదాన్ని దిద్దుకోలేమని ఎవరిదో రాయి పగిలాక నేర్చుకున్నాను. నాన్నకు మాత్రం నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఆయన ఇప్పటికీ ఆ ఇంగ్లండువాళ్లనే తిడుతుంటాడు.