కడుపు నిండ తినే పథ్యం

పుష్పమ్మ నోరు తెరిస్తే పెద్దమందడి కుక్కలు మొరగడం ఆపి వినేవని చెప్పుకుంటారు. అది తగ్గించి చెప్పిన మాట. ఆమె ఊరి చివర నిలబడి గట్టిగా దగ్గితే వనపర్తి సంతలో బేరాలు ఆగిపోయేవి. బడిలో నాలుగో తరగతి దాటలేదు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "నేనడిగేటియి పంతులుకు రాకపాయె. పాపం ముసలోడు పరేషాన్ అయితుండని నేనే ఇడిసిపెట్టిన" అనేది.

కూలి చేసుకు బతికే క్రైస్తవుల ఇంటి పిల్ల. మిషను దవాఖానలో వార్డు ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ కట్లు కట్టడం చూసింది, దుప్పట్లు మారుస్తూ మందుల పేర్లు పట్టుకుంది, చివరికి నర్సు పని నేర్చుకునే పిల్లల వరుసలో తానూ వెళ్లి నిలబడింది. పొమ్మని ఎవరూ అనలేదు. అన్నా వినిపించి ఉండదు, ఆ సమయానికి ఆమె మాట్లాడుతూ ఉంటుంది గనక. తెల్లచీర కట్టిన మొదటి పొద్దు అద్దంలో చూసుకుంటే, ఆ కాంతికి అద్దమే కండ్లు మూసుకున్నదని ఆమె చెప్పగా విన్నవాళ్లున్నారు.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడు వానలు దంచి కొట్టాయి. చెరువు కింది పొలాల్లో నీళ్లు నిలిచాయి, నీళ్ల మీద దోమలు పుట్టాయి. ఆ ఏటి దోమలు మామూలువి కావు. రెండు కలిసి దున్నపోతును లేపుకపోతుంటే మూడోది ముందు నడిచి తోవ చూపించిందట. ఇంటింటా చలిజ్వరం. ముందు దంతాలు కొరికే చలి, తర్వాత పెనం లాంటి ఒళ్లు, తర్వాత చెమట. దినం విడిచి దినం అదే తంతు. దవాఖాన నుంచి ఎడ్లబండి మీద కొయినా మందు ఊళ్లకు బయలుదేరింది. కొయినా అంటే చలిజ్వరానికి విరుగుడు, వేపాకుకు మేనమామ లాంటి చేదు. మందు సీసా పక్కన గాట్లు కోసిన కాగితపు ముక్క అంటించి ఉంటుంది. పూటకు ఒక గాటు మేర తాగాలి.

పెద్దమందడి బండి మీద పుష్పమ్మను పంపారు. సొంత ఊరు గదా, మాట వింటారనుకున్నారు. బండి దిగగానే ఆమె నేరుగా హన్మమ్మ ఇంటికి పోయింది. హన్మమ్మ నాట్లు వేసే ఆడకూలీల ముఠాకు మేస్త్రి. ఆమె లెమ్మంటే వాడ లేస్తుంది, కూసోమంటే కూసుంటుంది. ఆమె తాగితే ఊరంతా తాగుతుందని పుష్పమ్మ లెక్క. హన్మమ్మ కూడా చలిజ్వరంతో గొంగడి కప్పుకొని అరుగు మీద వణుకుతూ కూర్చుంది.

"హన్మక్కా, ఇగ నీ జరం పని ఖతం! గిది మందు గాదు, పులి. ఒక్క గుటక లోపలికి పోయిందంటే జరం తోక ముడిచి ఉరుకుతది. కిష్ణ దాటి రాయచూరు కాడ గాని ఆగది" అంది పుష్పమ్మ.

"అయితే గట్టి మందే. దీనికి పథ్యమేంది పిల్లా?"

"పథ్యమా? ఏం లేదు! ఉప్పు తిను, పులుసు తిను, రాళ్లు తిన్నా అరుగుతయి."

అరుగు చుట్టూ చేరిన వాళ్లు ఒకళ్ల మొఖం ఒకళ్లు చూసుకున్నారు. హన్మమ్మ మొగుడు పెంటయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మా ఎద్దుకు నాటుమందు పోస్తేనే రెండు దినాలు ఉలువలు బంద్ పెడ్తం. మనిషి మందుకు పథ్యం లేకుంటే గది మందెట్లయితదే? నీళ్లల్ల చేదు కలుపుకొచ్చినవా?"

ఆ సీమలో మందు బలం పథ్యాన్ని బట్టి తెలుస్తుంది. ఉప్పు మానమంటే మంచి మందు. ఉప్పూ పులుసూ మానమంటే ఇంకా మంచి మందు. గంజి తప్ప ఏదీ ముట్టొద్దంటే ఇక యముడు కూడా గడప దాటడు. ఏదైనా తినొచ్చు అంటే, ఇచ్చిన వాళ్లకు ఏమీ తెలియదని అర్థం. పుష్పమ్మ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి కూడా, గొప్పలు చెప్పే ఊపులో ఆ సంగతే మరిచింది. సీసా చేతిలో పెట్టి, ఇంకో నాలుగు పులులను వదిలి బండెక్కింది.

వారం తిరిగి వచ్చేసరికి హన్మమ్మ అరుగు మీద లేదు. లోపల చాప మీద ఉంది. ఊరందరినీ గొంతుతో నడిపిన మనిషి, మంచినీళ్లు అడగడానికి చెయ్యి ఊపుతోంది. ఈసారి పుష్పమ్మ వెంట విజయమ్మ వచ్చింది. నర్సు పిల్లలకు పాఠం చెప్పే పెద్ద నర్సు. తక్కువ మాటల మనిషి. ఆమె హన్మమ్మ పొట్ట ఎడమ పక్క వేళ్లతో నొక్కి చూసి, పుష్పమ్మను వాకిట్లోకి పిలిచింది.

"చలిజ్వరానికి పొట్టలో పెరిగే గడ్డ చేతికి తగులుతున్నది. ఒంట్లో నెత్తురు లేదు. ఇంకొక్కసారి జ్వరం తిరగబెడితే ఈమె దక్కదు. మందు ఎందుకు ఆపిందో అడిగినవా?"

అడగలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పుష్పమ్మ చెప్పడమే గాని అడిగింది లేదు. లోపలికి పోయి చాప పక్కన కూర్చుంది.

"అక్కా, మందేం జేసినవ్?"

"పారబోసిన." హన్మమ్మ గొంతు చీమ నడిచినట్టుంది. "నువ్వేమో పథ్యం లేదంటివి. పిల్లకు ఏం తెల్వదులే అని నేనే పెట్టుకున్న. గంజి గూడ ముట్టకుండ తాగితి. తాగినదంత కక్కితి. మల్ల చెవులల్ల ఒకటే గంటలు. పోచమ్మ తల్లికి కోపమొచ్చి గంట గొడ్తుందనుకున్న. రెండు దినాలకు జరమెట్లాగు దిగె. ఇగ ఎందుకని మిగిలింది సొరపాదుకు పోసిన."

ఆ సొరపాదు సంగతి వేరే చెప్పుకోవాలి. ఆ ఏడు దానికి కాసిన కాయల చేదుకు మేకలు వాడ మార్చాయి. పాదు మీదుగా ఎగిరిన కాకులు మల్దకల్ దాకా ఉమ్ముకుంటూ పోయాయని చూసినవాళ్లు చెప్పారు. కానీ ఆ పూట పుష్పమ్మకు నవ్వు రాలేదు.

విజయమ్మ గుమ్మంలోంచి మెల్లగా అంది: "నువ్వు మందును పొగిడొచ్చినవ్ బిడ్డా. మందు సంగతి చెప్పి రాలేదు."

పుష్పమ్మ నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దానికి వాడ వాళ్లు హడలిపోయి, జ్వరం ఈమెకూ తగిలిందా అని తొంగి చూశారు. కాసేపటికి ఆమె తల ఎత్తింది.

"హన్మక్కా, నేను తప్పు చెప్పిన. ఈ మందుకు పథ్యమున్నది. గసువంటి కఠిన పథ్యం నువ్వు జన్మల చేసుండవ్."

పెంటయ్య ముందుకు జరిగాడు. హన్మమ్మ కండ్లు తెరిచింది.

"ఖాళీ కడుపుతో ముట్టరాదు. జొన్న గటుక కడుపు నిండ తాగినంకనే మందు. తాగినంక మల్ల చెంబెడు నీళ్లు."

"కడుపు నిండ తినుడు గూడ పథ్యమేనా?" అన్నాడు పెంటయ్య.

"జరమొచ్చి నోరు చేదైనోళ్లకు ముద్ద దిగుడు ఎంత కష్టమో నీకేమెరుక బావా? నువ్వు జరమొచ్చినా సట్టెడు తింటవ్."

చాప మీద నుంచి సన్నగా నవ్వు వినిపించింది. పుష్పమ్మ అందుకుంది.

"చెవులు గుయ్యిమంటయి. గది పోచమ్మ గాదు. మందు ఒంటికి పట్టిందని చెప్పే గుర్తు. మందు అయిపోయినంక గదే పోతది. గానీ కండ్లు మసకలైనా, మాట ఇనబడకపోయినా, ఉచ్చ నల్లగొచ్చినా మందాపి, ఆ గడియనే బండి గట్టాలె, దవాఖానకు రావాలె. నెల తప్పినోళ్లు ముందుగాల నాకు చెప్పాలె. ఒకరి మందు ఇంకొకరికి పోయొద్దు. ఇంగ అన్నిటికంటె కఠినం ఒకటున్నది. జరం దిగినంక గూడ సీసా అడుగు కనబడేదాక తాగాలె."

"దిగినంక ఎందుకే?"

"జరం దిగిందంటే దొంగ పోయిండని గాదక్కా, అటకెక్కి దాసుకున్నడని. నువ్వు తలుపు తెరిచి పండుకుంటే మల్ల దిగుతడు. కడాకరి గుటక దాక కొడ్తనే ఉండాలె."

హన్మమ్మ తల ఊపింది. తల ఊపడం పోయినసారీ ఊపింది. పుష్పమ్మకు ఆ ఊపు మీద నమ్మకం పోయింది. ఉన్నట్టుండి కింద పడి, హన్మమ్మ గొంగడి లాక్కుని కప్పుకుంది.

"ఇప్పుడు నేను హన్మమ్మను. నువ్వు దవాఖాన పుష్పమ్మవు. చెప్పు మరి. అమ్మా, నర్సమ్మా! జరం దిగిందే, మందు సొరపాదుకు పోస్తనే!"

"నా గొంగడియ్యవే, దొంగముండా!" హన్మమ్మ మోచేతి మీద లేచింది. మేస్త్రితనం నెత్తురులో ఇంకా మిగిలే ఉంది. "పోస్తే చెయ్యిరుగుతది. అటక మీద దొంగున్నడు. అడుగు కనబడేదాక తాగు!"

"చెవులల్ల గంటలు మోగుతున్నయి నర్సమ్మా!"

"మోగనీ. పట్టిందని గుర్తు."

"ఆకలైతలేదు నర్సమ్మా, ఊరికే తాగుత."

"మూతి మీద గొడ్త. ముందు గటుక తాగు."

విజయమ్మ గుమ్మంలో మొఖం పక్కకు తిప్పుకొని నవ్వింది. ఆ పూటే కొత్త సీసాలో మొదటి గాటు. ముందు గటుక. హన్మమ్మ గుటక గుటకకూ పుష్పమ్మ పూర్వీకులను తిట్టింది, కానీ మింగింది. మందు లోపలే నిలిచింది.

పుష్పమ్మ వాడలో తల్లి ఇంట్లోనే దిగిపోయి, మూడు పూటలా వచ్చి గాట్లు చూసేది. చలి వచ్చే దినం వచ్చింది. పొద్దెక్కింది. హన్మమ్మ వాకిట్లో ఎండలో కూర్చుని వణుకు కోసం ఎదురుచూసింది, వాడంతా ఆమెతో పాటు ఎదురుచూసింది. పొద్దు వాలింది గాని వణుకు రాలేదు. సంబరంగా చప్పట్లు కొట్టిన వాళ్లను చూసి పుష్పమ్మ లోపలికి పోయి సీసా గాట్లు మళ్లీ లెక్కపెట్టింది. పోయినసారి మందు పారబోసింది సరిగ్గా ఇక్కడే.

అనుకున్నట్టే, మరునాడు ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పెంటయ్య సీసా చంకలో పెట్టుకొని బయలుదేరుతున్నాడు.

"నీకు తగ్గె గదనే. మా తమ్ముడు వణుకుతుండు. ఉన్నది వానికి పోస్త."

పుష్పమ్మ నోరు తెరిచింది. కానీ అవసరం రాలేదు. లోపల నుంచి వచ్చిన కేకకు దూలం మీది పిల్లి కింద పడింది.

"పెట్టురా సీసా కింద! దాని మీద చెయ్యేసినవంటే నిన్ను సొరపాదు కింద బొంద పెడ్త. నీ తమ్మునికి జరమొస్తే పుష్పమ్మ కాడికి తోలకపో, వాని సీసా వానికిస్తది. నా దొంగ ఇంక అటక మీదనే ఉన్నడు!"

పెంటయ్య సీసాను పసిపిల్లను దించినట్టు దించాడు. పుష్పమ్మ గుమ్మానికి ఆనుకొని ఆ అరుపును పాట విన్నట్టు విన్నది. ఆ గొంతు మళ్లీ వాడ దాటి చెరువు కట్ట దాకా పోతోంది.

ఆ సీసా అయిపోయింది, దాని వెనక వచ్చిన సీసా కూడా అయిపోయింది. జ్వరం తిరిగి రాలేదు. నెత్తురు పట్టడానికి ఇచ్చిన ఇనుప మందుకు కూడా హన్మమ్మ తనే పథ్యం అడిగి తెలుసుకుంది. పెరట్లోకి పోయినప్పుడు మలం నల్లగా కనబడితే బెదరొద్దని, బెదరాల్సింది ఉచ్చ నల్లగైతేనేనని పుష్పమ్మ ముందే చెప్పింది. నాట్లు ముగిసేలోపు హన్మమ్మ మడిలో దిగింది. ఆమె వెనక ఊరంతా గటుక తాగి, చేదు మింగి, చెవుల్లో గంటలతో నడిచింది. ఆ వానాకాలం ఆ వాడలో పాడె కట్టలేదు.

పంట కోతలకు ముందు ఒక పొద్దున హన్మమ్మ తన ముఠానంతా వెంటేసుకుని వనపర్తి దవాఖానకు నడిచి వచ్చింది. విజయమ్మ పొట్ట నొక్కింది, మళ్లీ నొక్కింది. వేళ్లకు గడ్డ అందలేదు. "కరిగిపోయింది" అంది. అంత పెద్ద వార్తను అంత చిన్న మాటలో చెప్పడం పుష్పమ్మకు నచ్చలేదు. వరండాలోకి వచ్చి, రోగుల ముందు నడుముకు చేతులు పెట్టుకుని నిలబడి గొంతు సవరించుకుంది.

అప్పటికే వరండా మెట్టు మీద హన్మమ్మ నిలబడి ఉంది. ఎదురుగా బల్మూరు నుంచి వచ్చిన ముసలామె మందు సీసా చేతిలో పట్టుకొని, దీనికి పథ్యమేందమ్మా అని పుష్పమ్మనే అడుగుతోంది.

"ఆమెనేమడుగుతవ్, నన్నడుగు!" హన్మమ్మ ముసలామెను పక్కన కూర్చోబెట్టుకుంది. "కఠిన పథ్యం. ముందుగాల చెప్పు, పొద్దుగాల ఏం తిన్నవ్?"