మా ఆయన పెట్టిన తాళం

నేను నందిగామ కోర్టులో టైపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా సాక్షులు చెప్పింది చెప్పినట్టు కొడుతున్నాను. నరుక్కున్నవాళ్ళ సంగతులు, ఆడపిల్లల్ని పాడుచేసినవాళ్ళ సంగతులు, డాక్టర్లు రాసిచ్చిన గాయాల సర్టిఫికెట్లు, పోస్టుమార్టం రిపోర్టులు, అన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్తాయి. మొదట్లో కొన్ని మాటలు కొట్టేటప్పుడు చెవులు వేడెక్కేవి. తర్వాత అలవాటైపోయింది. అలాంటి నన్ను నలభై ఏడేళ్ళ వయసులో నా సొంత ఫోను చిన్నపిల్లని చేసి కూర్చోబెట్టింది.

ఆ సంవత్సరం నా నెలసరి దారి తప్పింది. వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. నలుగురి మధ్య కుర్చీలోంచి లేవాలంటే భయం వేసేది. చివరికి ఊళ్ళోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ స్కానింగు చూసి, "గర్భసంచిలో గడ్డ ఉందమ్మా. పిల్లలు పుట్టడం అయిపోయిందిగా, తీసేయించుకో. గొడవ వదిలిపోతుంది" అంది. నాతో మాట్లాడింది మొత్తం మూడు నిమిషాలు. బయట బెంచీల మీద ఇంకా బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆవిడను తప్పుపట్టను. కానీ నా ఒంట్లోంచి ఒక భాగాన్ని తీసేసే సంగతి మూడు నిమిషాల్లో తేలిపోవటం నాకు మింగుడు పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం కోర్టులో అన్నం తిన్నాక ఫోనులో వీడియోల సైటు తెరిచి "గర్భసంచి గడ్డలు" అని కొట్టాను. నాలుగంటే నాలుగు వచ్చాయి. రెండింట్లో మెంతులు నానబెట్టుకుని తాగమన్నారు. మిగతా రెండూ దేవుడి మాటలు. నా పక్కన కూర్చునే ఆవిడ తన ఫోనులో అదే మాట కొడితే వరసగా డాక్టర్లు, బొమ్మలు, కింద వందల కొద్దీ ఆడవాళ్ళు రాసుకున్న మాటలు కనిపించాయి. నా ఫోనులో ఆ మాటలు కూడా లేవు. కళ్ళజోడు సర్దుకుని చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పరిమిత మోడ్ ఆన్‌లో ఉన్నందువల్ల కొన్ని ఫలితాలు దాచారట.

సాయంత్రం ఇంటికెళ్ళి మా అమ్మాయికి చూపించాను. అప్పుడది ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. చూడగానే నవ్వింది.

"నీది కూడానా అమ్మా! నాన్న పెట్టాడు. మొన్న అప్‌డేట్ చేస్తానని అందరి ఫోన్లూ తీసుకున్నాడు చూడు, అప్పుడు. టీవీకి కూడా పెట్టాడు."

మా ఆయన జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. పిల్లలు ఫోన్ల వల్ల ఎలా చెడిపోతున్నారో చెప్పటానికి అక్కడ ఒక మీటింగు పెట్టారు. ఆ ఆదివారమే ఈయన ఇంట్లో ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన ఫోనుకు మాత్రం ఏమీ పెట్టుకోలేదు.

"మరి నీ పాఠాలు ఎట్లా చూస్తున్నావే?" అని అడిగాను. ప్రత్యుత్పత్తి పాఠం నడుస్తోందని నాకు తెలుసు.

"చూసేటప్పుడు తీసేసి, నాన్న వచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తా" అంది తేలిగ్గా.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా కూతురు పాఠం చదువుకోవటానికి దొంగతనం నేర్చుకుంటోంది. నేనూ అదే చేస్తే ఆ ఇంట్లో ఇద్దరం దొంగలమవుతాం.

"ఎట్లా తియ్యాలో చూపించు" అన్నాను. పైన గుండ్రంగా ఉన్న నా ఫొటో నొక్కి, సెట్టింగుల్లోకి వెళ్ళి, అడుగున ఉన్న మీట పక్కకు జరిపితే అయిపోయింది. అరనిమిషం కూడా పట్టలేదు.

ఆయన బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక కాఫీ చేతికిచ్చి చెప్పేశాను.

"నా ఫోనులో మీరు పెట్టింది నేను తీసేసా."

"ఏంటది?"

"పరిమిత మోడ్. మీరు నాకు చెప్పకుండా పెట్టారు. నేను మీకు చెప్పి తీసేసా."

"చెత్తంతా రాకూడదని పెట్టానే. నీ మంచికేగా?"

"ఏది చెత్తో నాకు తెలవదా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోర్టులో నేను కొట్టే మాటలు మీరెప్పుడన్నా చదివారా?"

"అది ఉద్యోగం. ఇది ఇల్లు."

"ఇంటికొస్తే నాకు బుద్ధి తగ్గిపోతుందా అండీ?"

ఆయన కాఫీ తాగి పేపరు తీసుకున్నాడు. రెండు రోజుల తర్వాత చూస్తే ఫోనులో మీట మళ్ళీ మొదటికొచ్చింది. తీసేశాను. వారం తిరక్కముందే మళ్ళీ పెట్టాడు. నేను మళ్ళీ తీసేసి, తీసేశానని ఆయనకి చెప్పాను. చెప్పటం మాత్రం ఒక్కసారి కూడా మానలేదు. మూడోసారికి ఆయన విసుక్కుని, "నీ ఇష్టం" అన్నాడు.

ఈ లోపు వీడియోలు చూశాను. వాటికింద ఆడవాళ్ళు రాసిన మాటలు ఇంకా శ్రద్ధగా చదివాను. ముప్పై దాటకముందే తీయించుకున్నవాళ్ళు, తీయించుకుని నిమ్మళంగా ఉన్నవాళ్ళు, అనవసరంగా తీయించుకున్నామని ఏడ్చినవాళ్ళు. ఎవరి పేరూ నాకు తెలియదు. అయినా డాక్టరమ్మ దగ్గర దొరకని టైము వాళ్ళ దగ్గర దొరికింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆపరేషన్ గురించి ఒక లేడీ డాక్టరు బొమ్మలు గీసి చెప్పిన వీడియో ఉంటే పెద్దగా కనపడుతుందని టీవీలో పెట్టబోయాను. టీవీ నాలుగంకెల నంబరు అడిగింది.

"నంబరు చెప్పండి" అన్నాను.

"ఏం చూడాలో చెప్పు. నేను పెడతా."

"నేను చూసేదానికి మీ కాపలా అక్కర్లేదు. నంబరు చెప్పండి."

"ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది. అమ్మ ఉంది. హాల్లో అవన్నీ ఏం చూస్తావే?"

మా అత్తయ్య గుమ్మం దగ్గర చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడాలు తీస్తోంది. అప్పటిదాకా మా గొడవల్లో ఒక్క మాట మాట్లాడలేదు. నేనెప్పుడూ ఆవిడను కొడుకు పక్షమే అనుకునేదాన్ని.

"ఏంట్రా అబ్బాయి, అమ్మ ఉందంటన్నావ్?" అంది తలెత్తకుండా. "నాకు ముప్పై రెండేళ్ళకే తీసేశారు. తెలుసా నీకు?"

ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

"కడుపులో నొప్పని పేటలో ఆస్పత్రికి పోతే మీ నాన్న సంతకం పెట్టాడు. నన్నెవరూ అడగలా. లోపల ఏం తీశారో, ఎందుకు తీశారో ఇయ్యాల్టికీ నాకు తెలవదు. ఆ పిల్ల తన కడుపు సంగతి తను తెలుసుకుంటానంటే నీకేం పోయింది? నంబరు చెప్పు. నేనూ చూస్తా."

మా ఆయన మొహం చూడలేకపోయాను. చివరికి "ఒకటి రెండు మూడు నాలుగు" అన్నాడు. మా అమ్మాయి ఫక్కున నవ్వి, మళ్ళీ నోరు మూసుకుంది.

ముగ్గురం కూర్చుని చూశాం. ఆయన బయటికి వెళ్ళబోయి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కొందరికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తారనీ, అలా తీస్తే వయసులోనే ముట్లాగిన లక్షణాలన్నీ మీద పడతాయనీ ఆ డాక్టరు చెప్పింది. మా అత్తయ్య చెయ్యెత్తి ఆపమంది.

"ఒంట్లో ఆవిర్లు వస్తయ్యా? మంటలు?"

"వస్తాయి అత్తయ్యా."

"నాకొచ్చినయ్. ముప్పై నాలుగేళ్ళకే ఒళ్ళంతా కాలిపోయేది. ఉత్తినే ఏడుపొచ్చేది. గాలి సోకిందని మీ మామగారు తాయెత్తు కట్టించాడు." ఆవిడ మిరపఘాటు అంటిన చేతుల్తో కళ్ళు తుడుచుకోబోతే నేను పట్టుకుని ఆపి, లోపలికి తీసుకెళ్ళి చేతులు కడిగించాను. మళ్ళీ వచ్చి కూర్చుని, "మొదట్నించీ పెట్టవే" అంది మనవరాలితో. రెండోసారి చూస్తున్నప్పుడు మా ఆయన కూడా వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

తర్వాతి వారం సెలవు పెట్టి, అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని విజయవాడ వెళ్ళాను. అక్కడి డాక్టరు ఆ కాగితం చూసి చిరాకు పడుతుందేమో అనుకున్నాను. పడలేదు. గడ్డ చిన్నదనీ, ముందు మందులతో చూద్దామనీ, తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకుందామనీ చెప్పింది. ఆరునెలలకు రక్తస్రావం అదుపులోకి వచ్చింది. రేపెప్పుడైనా తీయించుకోవాల్సి వస్తే తీయించుకుంటాను. కాగితం మీద సంతకం మాత్రం నాదే ఉంటుంది.

ఇంకొకటి మిగిలింది. "మరి నా ఫోను?" అని మా అమ్మాయి అడిగినప్పుడు నేను వెంటనే సరేననలేకపోయాను. పదిహేడేళ్ళ పిల్ల. కోర్టులో నేను కొట్టిన కాగితాలన్నీ గుర్తొచ్చాయి. మా ఆయన భయం నాకూ ఉందని ఆ రోజు తెలిసింది. రెండు రోజులు ఆలోచించి, ఆయన ఎదురుగానే దాని ఫోనులోనూ తీసేయించాను.

"రేపేమన్నా అయితే నీదే బాధ్యత" అన్నాడు.

"నాదే" అన్నాను. దానివైపు తిరిగి, "నీకు అర్థం కానిదేదన్నా కనపడితే నన్ను అడుగు. ఏదైనా సరే" అని చెప్పాను.

అడిగింది. ఇంట్లో కాదు, విజయవాడలో పరీక్ష రాసి వస్తుంటే కిక్కిరిసిన బస్సులో. కీసర టోల్‌గేటు దాటుతుండగా, ఫోనులో తను చూసిన ఒక వీడియో గురించి, ఆడవాళ్ళతో మగాళ్ళు నిజంగా అలాగే ఉంటారా అమ్మా, అని మామూలు గొంతుతోనే అడిగింది. ముందు సీట్లో తెల్లచొక్కా ఆయన వెనక్కి తిరిగి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నేను ఆయన కళ్ళల్లోకి చూసి, ఆయన ముందుకు తిరిగేదాకా ఆగి, నా కూతురికి జవాబు చెప్పటం మొదలుపెట్టాను. గొంతు తగ్గించలేదు.