ఎప్పుడని చెప్పని మా అత్త

"అక్కా, అత్త పోయింది" అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను దిండిగల్‌లో మా వంటింట్లో కాఫీకి పాలు కాస్తున్నాను. మార్గళి నెల చలి, మీ ధనుర్మాసం. ఆమె ఆస్పత్రిలో ఉందని తెలుసు, ముందు రోజే వెళ్ళి చూసి వచ్చాను కూడా. అయినా ఆ మాట విన్నాక పొయ్యి ఆర్పాలని తోచలేదు. పాలన్నీ పొంగిపోయాయి. మా అత్త చూసి ఉంటే నన్ను ఒక్క మాట అనకుండా పాలని తిట్టి ఉండేది.

ఆమె మా నాన్నకు అక్క. ఉడుమలైపేట దాటాక కొబ్బరి తోపుల మధ్య ఉన్న మా ఊళ్ళో, పుట్టింట్లోనే ఆమె బతుకంతా గడిచింది. మా తాత ఆ ఊరి కోడంగి. అంటే చేతిలో ఉడుక్కి అనే చిన్న డమరుకం వాయిస్తూ కుఱి చెప్పేవాడు. మీ వైపు దాన్నే సోది అంటారట. మావాళ్ళు ఇటు వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. బడిలో తమిళం చదువుకున్నాం, సంతలో తమిళం మాట్లాడతాం, తెలుగు ఇంట్లో మిగిలింది. కుఱి కూడా అలాగే మిగిలింది. ఉడుక్కి మాత్రం ఆడవాళ్ళు ముట్టకూడదు. అందుకని మా అత్త చిక్కుడు గింజలు పట్టుకుంది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళే, వాళ్ళ గోడంతా ప్రేమ గోడే. నన్ను చేసుకుంటాడా, వాళ్ళమ్మ ఒప్పుకుంటుందా, అలిగి వెళ్ళినవాడు తిరిగొస్తాడా. అత్త పెరట్లో కూర్చుని కొబ్బరి మట్టలు అల్లుతూ వినేది. వచ్చినవాళ్ళ ముఖం చూడదు, మట్ట వంకే చూస్తుంది. మధ్యలో సంబంధం లేనట్టు ఏదో అడుగుతుంది. "ఫోను ముందర ఎవురు చేస్తారు, నీవా వాడా?" "కొట్లాడుకుంటే ఎవురు తగ్గతారు?" "నీతో మాట్లాడేటప్పుడు వాళ్ళమ్మ మాట ఎత్తతాడా?" చివరికి మట్ట పక్కన పెట్టి, గుప్పెడు చిక్కుడు గింజలు తీసుకుని అరచేతుల మధ్య దొర్లించి, కళ్ళు మూసుకుని చెప్పేది. వాడు మంచోడే గాని పిరికోడు అనో, వాడికి నీమీద కంటే నీ ఉద్యోగం మీద ఆశ ఎక్కువుండాది అనో. ఆ చెప్పినదంతా గింజల్లో కనిపించిందో, అంతకుముందు విన్న జవాబుల్లో కనిపించిందో నేనెన్నడూ తేల్చుకోలేకపోయాను. అడిగితే "రెండూ ఒకటే కదా కణ్ణు" అనేది.

అంతా విన్నాక ప్రతి ఒక్కరూ ఒకటే అడిగేవారు. ఎప్పుడు? అక్కడ మా అత్త మొండికేసేది. ఎంత బతిమాలినా నెల చెప్పదు, వారం చెప్పదు. "ఎవురు అనేది మొగంలో తెలస్తాది. ఎందుకు అనేది మాటలో తెలస్తాది. ఎప్పుడు అనేది యాడా ఉండదు. ఉండేదాన్ని కదా నేను చూసి చెప్పల్ల?" అని, చేతిలోని గింజలు వాళ్ళ కొంగులో పోసేది. "ఇంటికి పోయి ఇవి నాటు. నీ చేత్తోనే నీళ్ళు పొయ్యి. తీగ పందిరి ఎక్కినాక రా, మాట్లాడదాం."

దీంతో మా ఊళ్ళో ఒక విచిత్రం జరిగేది. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, విత్తనం నాటడం మామూలే. కానీ ఎవరింటి గోడ పక్కన కొత్తగా చిక్కుడు పందిరి లేచినా, ఆ ఇంట్లో పిల్లకు ఎవరి మీదో మనసు పడిందని వీధంతా తెలిసిపోయేది. కొందరు తల్లులు ముందు జాగ్రత్తగా "చిక్కుడొద్దు, సొరపాదు పెట్టుకో" అని కేకలేసేవారు. నిజంగా కూర కోసం చిక్కుడు వేసుకున్న ఒక పాపం ముసలావిడను మనవలు ఏడాదంతా ఏడిపించారు.

నేనూ ఒక ఆడి నెలలో చిక్కుడు నాటాను. అది చూసి మా అమ్మ ఆ పూట సాంబారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

అప్పుడు నేను కొబ్బరి పీచు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. అక్కడే పనిచేసే అబ్బాయి, మదురై దగ్గర వాడిపట్టి అనే ఊరివాడు, తెలుగువాళ్ళే, ఇంట్లో చెప్పి వస్తానని ఊరికి వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే వేరే పనిలో చేరాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, "కొంచెం ఓపిక పట్టు" అంటాడు, పెట్టేస్తాడు. ఈలోగా దిండిగల్‌లో నాకు మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్తే వాడు తిరిగొచ్చేసరికి నేను ఉండను. ఉంటే ఆ ఉద్యోగం ఉండదు. నా బతుకు ఆ ఒక్క మాట మీద ఆగిపోయింది, వాడు ఎప్పుడొస్తాడు.

ఆ చెప్పని మాట కోసం నేను ఫోన్‌లో వీడియోల వెంట పడ్డాను. చీట్ల కట్ట కలుపుతూ, కొవ్వొత్తి వెలిగించుకుని, నా కోసమే అన్నట్టు ఒకావిడ చెప్పేది. నీ మనిషి నీ గురించే ఆలోచిస్తున్నాడు, ఆడి వెళ్ళగానే కబురొస్తుంది. ఆడి వెళ్ళింది. ఆవణిలో ఖాయం అంది. ఆవణీ వెళ్ళింది. గ్రహాలు కాస్త మెల్లగా నడుస్తున్నాయి, నమ్మకం వదలకు అంది. గడువు దాటిన ప్రతిసారీ నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఇంకో వీడియో పెట్టుకునేదాన్ని. తేదీ తప్పినా సరే, కొత్త తేదీ దొరికితే చాలు, ఆ రాత్రికి నిద్రపట్టేది.

ఒకనాడు అత్త పక్కన కూర్చుని చూసింది. తన పనివాళ్ళ పని చూసే మేస్త్రీలా తల పంకించింది. "బాగా చెప్తాండాది ఈ అమ్మి. గొంతు బాగుండాది. అదిసరే, నీ మొగం చూడకుండా నీకి ఎట్ట చెప్తాది?"

"నువ్వు నా ముఖం చూసి కూడా చెప్పవు కదా!" అని అరిచాను. "ఎప్పుడొస్తాడో ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుంది అత్తే?"

అత్త మట్ట అల్లడం ఆపలేదు. "వాడి కాళ్ళు వాడి కాడ ఉండాయి కణ్ణు. అవి ఎప్పుడు కదులుతాయో నాకేమి తెలుసు? నాకి తెలిసేది నీ చెయ్యి. పో, పోయి నీళ్ళు పొయ్యి. తీగ వాడిపోతాండాది."

తిట్టుకుంటూనే పోశాను. పొద్దునా సాయంత్రం ఆ తీగ దగ్గర నిలబడాలి, పురుగు చూడాలి, కొస పక్కకు పోతే పందిరి మీదికి మళ్ళించాలి. చేతులు పనిలో ఉంటే మనసు తనంతట తాను మాట్లాడుతుంది. ఫోన్ ముందు కూర్చున్నప్పుడు రాని ఆలోచనలు అక్కడ వచ్చేవి. వాడు ఒక్కసారైనా తనంతట తాను ఫోన్ చేశాడా అన్నది అలా వచ్చిందే.

కార్తిక దీపాలు పెట్టిన మర్నాడు అత్త వచ్చి పందిరి కింద నిలబడింది. తీగ పైకంతా పాకి పూత పూసింది. "ఇంగ నీవు నాకి చెప్పు. వాడు ఒస్తాడా?" అంది.

"రాడు" అన్నాను. ఏడుస్తాననుకున్నాను గాని ఏడుపు రాలేదు.

"తెలిసి ఎన్నాళ్ళాయె?"

"పూత రాకముందే."

"మరి?"

"కాయ కోసి పోదామని" అన్నాను. అత్త పగలబడి నవ్వింది. ఆకు వక్కలతో ఎర్రబడ్డ ఆ పళ్ళు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి.

ఆ రోజే అడిగాను, ఎప్పుడనే మాట దగ్గర నీకెందుకింత పంతమని. నాకు తెలిసింది సగమే. ఆమె పెనిమిటి పెళ్ళైన కొత్తల్లో అన్నదమ్ములతో తగవు పడి, మదురై వైపు పనికి పోయి, కుదురుకున్నాక వచ్చి తీసుకుపోతానని ఆమెను పుట్టింట్లో దింపి వెళ్ళాడనీ, మళ్ళీ రాలేదనీ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియని సగం ఆమె పందిరి గుంజకు ఆనుకుని చెప్పింది.

"నేను అన్నం ముట్టకుండా ఏడుస్తా ఉంటే మా నాయన ఉడుక్కి తీసినాడు. కుఱి చూసినాడు. 'తై పుట్టంగానే ఒస్తాడు బిడ్డా' అన్నాడు. నేను లేచి మొగం కడుక్కొని కూడు తిన్నా."

తై అంటే మాకు పొంగల్‌తో మొదలయ్యే నెల. తై పుడితే దారి పుడుతుందని తమిళంలో అందరూ అనే మాటే. ఆ తైలో ఆయన రాలేదు. పై ఏటి తైలోనూ రాలేదు. మాలో మారుమనువుకు అడ్డు లేదు. దిండిగల్ నుంచి బంధువులు వచ్చి మంచి సంబంధమని అడిగారు కూడా. అత్త "తై రానీ" అంది. వచ్చే సంబంధాలకు అదే జవాబు.

"ఎందుకత్తే?"

"నేను వేరే వాడిని చేసుకొంటే మా నాయన చేతి ఉడుక్కి అబద్దం అయిపోదా? సొంత బిడ్డకి చెప్పిన కుఱే తప్పు అంటే, ఊళ్ళో ఇంగెవురు ఆయన్ని అడగతారు?" తర్వాత చాలా మెత్తగా అంది. "ఆయన ఏమార్చలేదు కణ్ణు. ఏడిచే బిడ్డకి ఏదో ఒకటి చెప్పల్ల కదా. తై అన్నాడు. ఏ తై అని ఆయన చెప్పలే. నేను అడగలే."

నాకు తాత మీద చచ్చేంత కోపం వచ్చింది. అత్తకు ఏ కోశానా లేదు. ప్రేమగా చెప్పిన గడువు కాబట్టే దాన్ని దాటి బయటకు రాలేకపోయానని, అందుకే ప్రేమగా కూడా ఎవరికీ గడువు చెప్పనని ఆమె అన్నది. ఆ వీడియోలావిడ మీద కూడా ఆమెకు కోపం లేదు. "ఆ అమ్మి కూడా ఎవురి ఏడుపో ఆపల్లనే చెప్తా ఉంటాది. నీవు విను. విని, నీ పని నీవు చేసుకో."

నేను దిండిగల్ వెళ్ళాను. ఏ వీడియోలోనూ రాని మనిషిని, ఏ గింజలూ అడగకుండా, చేసుకున్నాను. మొదటిసారి ఊరికి వస్తూ, మేం ఉండే ఊరు తాళాలకు పేరు కదా అని, గేటుకు వేసుకోమని అత్తకు ఒక పెద్ద దిండిగల్ తాళం తెచ్చిచ్చాను. "బలే ఉండాది" అని మురిసిపోయి, అల్లిన మట్టలు గాలికి లేవకుండా దాన్ని బరువు పెట్టుకుంది. గేటుకు మాత్రం ఏనాడూ వెయ్యలేదు. గడియ కూడా పెట్టనిచ్చేది కాదు. మేకలు వచ్చి మొక్కలు తినేస్తున్నాయని నాన్న గొణిగితే, అవి మాత్రం యాడికి పోతాయి అనేది.

ఆ గేటు పక్కన ప్రతి ఆడిలోనూ ఆమె తన చేత్తో ఒక చిక్కుడు పాదు పెట్టేది. ఊళ్ళో వాళ్ళ పాదులకు లేని శ్రద్ధ దానికి. "ఇది ఎవరికత్తే?" అని చిన్నప్పటి నుంచీ మేం ఏడిపించేవాళ్ళం. "ఇది కూరకి" అనేది. ఆ కాయలు నిజంగానే కూరైపోయేవి. మేం లొట్టలేసుకుంటూ తినేవాళ్ళం.

ఆస్పత్రిలో, పోయే ముందు రోజు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు కుర్రవాడు వచ్చాడు. ఇంటికి ఎప్పుడు పంపిస్తారని నేను అడిగితే, ఇప్పుడే చెప్పలేమమ్మా అన్నాడు. అత్త కళ్ళు తెరవకుండానే నవ్వింది. "మంచి పిల్లోడు. తెలీదని చెప్తాండాడు" అంది. కాసేపటికి నా వేళ్ళు నొక్కింది.

"తై పుట్టిందా?"

పండక్కి ఇంటికి పోవాలనుందేమోనని నర్సమ్మ అనుకుంది. నేనూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాను.

"ఇంకా లేదత్తే" అన్నాను.

"సరి" అంది. "గేటు కాడ తీగకి నీళ్ళు పోసినారా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ పాదు ఎవరికో. ఇన్నేళ్ళు మాకు కూర వండిపెట్టిన పాదు. ఊరందరినీ గడువుల నుంచి విడిపించిన మనిషి, తండ్రి ఇచ్చిన ఒక్క గడువును మాత్రం మాకెవరికీ తెలియకుండా ఏటేటా నాటుకుంది. "పుట్టింది, ఒచ్చేశాడు" అని అబద్ధం చెప్పాలని నోటి దాకా వచ్చింది. మా తాతకు ఆనాడు ఎలా ఉండి ఉంటుందో నాకు ఆ మంచం పక్కనే అర్థమైంది. ఆయన మీది కోపం అక్కడితో పోయింది. "పోశాం అత్తే, పూత బాగా పట్టింది" అని మాత్రం అన్నాను. అది నిజమే.

పదహారో రోజు కార్యానికి తై పుట్టి చాలా రోజులైంది. ఒకప్పుడు ఆమె గింజలు కొంగున కట్టుకుపోయిన ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. కొందరు మొగుళ్ళతో వచ్చారు, కొందరు ఒంటరిగా, హాయిగా వచ్చారు. సాయంత్రం అందరూ వెళ్ళేటప్పుడు, వాళ్ళలో ఒకావిడ గేటు దగ్గర ఆగి, విరగకాసిన ఆ పాదును చూసి అడిగింది. "ఇది ఎవురికి ఏసింది?"

"కూరకి" అన్నాను.

ఆమె బస్సెక్కాక, అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు, ఇల్లు ఇక ఖాళీ కదా అని తమ్ముడు మట్టల మీది దిండిగల్ తాళం తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. రెక్క లాగితే రాలేదు. నీళ్ళు పోయడమే గాని కొస ఎవరూ మళ్ళించని ఆ రోజుల్లో చిక్కుడు తీగ గేటు కమ్ములకు చుట్టుకుని, గడియ చుట్టూ మెలికలు వేసుకుని, రెక్కను సగం తెరిచినచోటే పట్టుకుని ఉంది. వెయ్యాలంటే తీగ తెంపాలి. వాడు నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు తాళం మళ్ళీ మట్టల మీద పెట్టి వచ్చాడు. గేటు దాటి రోడ్డు మీదికి వంగిన తీగ కొస, మదురై బస్సు వెళ్ళిన గాలికి కాసేపు ఊగింది.