కినుయే వదిన గీసిన కళ్ళు

మా వదిన కినుయే పోయాక ఇది రెండో చలికాలం. కొకేషి బొమ్మల కోసం మా వేడినీటి బుగ్గల ఊరికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ మా అన్నయ్య తొకుజి పేరే అడుగుతారు. వదిన ఊసు ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం బొమ్మ కనబడితే ఆమె చెయ్యే గుర్తొస్తుంది.

కొకేషికి చేతులూ కాళ్ళూ ఉండవు. గుండ్రటి తల, నిలువు ఒళ్ళు, అంతే. తల తిప్పితే కీచుమంటుంది. అన్నయ్య లేతు మీద కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కి బొమ్మను తీసేవాడు. వదిన ఒంటి మీద ఎర్ర చేమంతులు వేసేది. కళ్ళ జోలికి వెళ్ళేది కాదు. ఆ ముఖం గీసే తీరు మా తాతది. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి అన్నయ్యకు వచ్చింది కానీ కోడళ్ళ చేతికి ఎప్పుడూ రాలేదు. అడుగున రాసే పేరూ మగవాళ్ళదే.

జబ్బు చేసి లేచాక అన్నయ్య కుడిచెయ్యి వణకసాగింది. ఉలిని దిమ్మకు ఆనించి పడతాడు గనక లేతు పని సాగిపోయేది. కుంచె పట్టినప్పుడే బయటపడేది.

ఆ ఏడు కొండల మీద ఆకులు ఎర్రబడే రోజుల్లో, నేను పనిచేసే సత్రంలో హిరోత అనే ఒసాకా ఆవిడ దిగింది. అక్కడి అలమరలో అన్నయ్య చేసిన పాత బొమ్మను చూసి, సరిగ్గా అలాంటిదే కావాలంది. ఆమెను అన్నయ్య కొట్టుకు తీసుకెళ్ళాను. “స్నానం చేసి వస్తాను, మధ్యాహ్నం రైలుంది,” అని చెప్పి వెళ్ళింది.

అన్నయ్య గీసిన ఎడమ కన్ను బాగానే వచ్చింది. కుడి కన్ను చెవివైపు జారింది. సిరా కర్రలోకి ఇంకిపోతుంది, తుడిస్తే పోదు. బొమ్మను మళ్ళీ లేతుకెక్కించి ముఖాన్ని పలచగా చెక్కేయాలి. చెక్కాడు, గీశాడు, మళ్ళీ చెక్కాడు. ఒళ్ళు అలాగే ఉంది, తల మాత్రం చిన్నదైపోతోంది.

“అన్నయ్యా, ఇంకా చెక్కితే అగ్గిపుల్ల మిగులుతుంది.”

“నువ్వెళ్ళి నీ సత్రంలో పరుపులు దులుపుకో.”

వదిన కుంచె కడుగుతూ, “ఏమండీ, నేను గీయనా?” అంది.

“నువ్వు గీస్తే అది నన్ను తిట్టబోతున్నట్టు చూస్తుందే.”

“తిట్లు తినే పనులు మానండి, అదీ నవ్వుతుంది.”

“మా నాన్న చూస్తే ఏమంటాడు?”

“మామయ్యగారా? తల ఇంత చిన్నదేమిట్రా అంటారు ముందు.”

అన్నయ్య తన చేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత సిరా గిన్నెను ఆమె వైపు జరిపాడు.

ఇన్నేళ్ళూ వదిన ఆయనకు ఎదురుగా కూర్చునే పనిచేసింది. ఆ ముఖాన్ని ఆయన గీస్తుండగా తలకిందులుగానే చూసింది. అందుకే బొమ్మను తలకిందులుగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి రెండు కళ్ళూ గీసింది. వాటి కొసలు కొంచెం కిందికి వాలాయి, నిద్రలోంచి అప్పుడే లేచినట్టు.

“ఇది నాన్న ముఖం కాదు,” అన్నాడు అన్నయ్య.

“కాదు,” అంది వదిన. బొమ్మను తిప్పి అడుగున తొకుజి అని రాసింది. అన్నయ్య దాన్ని లాక్కుని, కత్తితో ఆ పేరు చెక్కేసి, వంకర అక్షరాలతో కినుయే అని రాశాడు.

హిరోత తడిజుట్టుతోనే వచ్చింది. బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“సత్రంలో చూసిన ముఖం ఇది కాదండీ.”

“కాదమ్మా. ఆ ముఖం ఇక నా చేతికి రాదు. ఇది మా ఆవిడ గీసింది,” అన్నాడు అన్నయ్య. ఆ ముఖం చేతికి రాదన్న మాట నా ఎదుట కూడా ఆయన అంతకుముందు ఒప్పుకోలేదు.

హిరోత ఇబ్బందిగా నవ్వి, కొట్టు అలమరలో మిగిలిన, రంగు వెలిసిన అన్నయ్య పాత బొమ్మనే తీసుకుంది. వదినే దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చి, గుమ్మం దాకా వెళ్ళి వంగి సాగనంపింది.

తిరిగొచ్చి చిన్నతల బొమ్మను తీసుకుని పొయ్యి మూత తెరిచింది.

“ఏమే, కర్ర నాది. కాల్చడానికి నువ్వెవరు?” అన్నాడు అన్నయ్య.

“ఎవరికి కావాలండీ ఇది?”

ఆయన మూలనున్న కర్రల్లోంచి కొత్తది ఒకటి ఏరాడు. దాన్ని ఎక్కించి లేతు ఆడించాడు. పనయ్యాక, కళ్ళులేని కొత్త బొమ్మను ఆమె ముందు పెట్టాడు.

“ఈసారి తల సరిపోయింది. గీయి.”

వదిన చేతిలోని చిన్నతల బొమ్మను పక్కన పెట్టి, పొయ్యి మూత వేసి వచ్చి కూర్చుంది.