ఫొటో కోసం నేసిన చీర

మా ఇంట్లో ఏడాది పొడుగునా చీరలే. మగ్గం మీద సగం నేసింది ఒకటి, మడతపెట్టి సావుకారి కోసం మూలన ఉంచింది ఒకటి. ఇన్ని చీరల మధ్య కాపురం చేసినా మా అవ్వ కట్టుకున్నది మాత్రం ఎప్పుడూ అంగట్లో కొన్న ముతక చీరే. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని. నూలు సావుకారిది కాబట్టి చీరా సావుకారిదే. బాపు చేతిలోంచి వెళ్ళిన చీర ఏ హుజూరాబాద్ బజారుకో చేరేది, మళ్ళీ మా కంటికి కనబడేది కాదు. దాని గురించి బాపు ఎన్నడూ నోరు విప్పలేదు. నాకే మండిపోయేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాడకట్టంతా అనేది, అది నిజమే.

నేను మెట్రిక్ పాసై, ఆదిలాబాద్‌లో టీచర్ ట్రైనింగ్‌కు కుదిరిన ఎండాకాలం బాపు మొదటిసారి సొంత నూలుతో ఒక చీర నేశాడు. ఎర్రటి చీర, ఆకుపచ్చ అంచు, అంచులో వరుసగా చిన్న చిన్న గోపురాలు. అది నాకోసమేనంటే నేను నమ్మలేదు. ఆ చీర కట్టించి కరీంనగర్‌లో నాకు ఫొటో తీయిస్తానన్నప్పుడు అవ్వ కూడా నమ్మలేదు.

"చీర కట్టంగ కట్టంగ చినుగుతది. ఫొటోల అయితే ఉంటది," అన్నాడు బాపు. "నా నేత ఒక్కటన్న మనింట్ల ఉండాలె."

కరీంనగర్ వెళ్ళాం. స్టూడియోలో ఒక తెర. దాని మీద రాజమహలు, మెట్లు, పూలకుండీలు, రెండు నెమళ్ళు. ఆ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. వారం తర్వాత బాపు ఫొటో తెచ్చాడు. రాజమహలు బాగా వచ్చింది. నెమళ్ళు బాగా వచ్చాయి. నేనూ పరవాలేదు. చీర మాత్రం పైనుంచి కిందదాకా ఒకటే బూడిదరంగు. అంచు లేదు, గోపురాలు లేవు.

బాపు మరుసటి రోజే మళ్ళీ బస్సెక్కాడు. నేనూ వెంట వెళ్ళాను.

"సాబ్, గీ ఫొటోల నా అంచు ఏది?"

"అరె, నీ అంచు నేనేం తినలే పెద్దాయనా," అని నవ్వాడు ఫొటో తీసినాయన. "ఎరుపు, పచ్చ రెండూ కెమెరాకు ఒక్కతీరే. దానికి రంగులు ఎరుకలేవు. వెలుగు, చీకటి, గంతే."

ముప్పై ఏళ్ళుగా రంగులు కలిపి బతికినవాడికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తిరుగు బస్సులో బాపు ఆ ఫొటోనే వెలుగుకు ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. రెండు రోజులు మగ్గం కూడా ఎక్కలేదు. నాకు జాలేసింది, విసుగూ వచ్చింది. ఫొటోలో ముఖం బాగుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మూడో రోజు మాపటిపూట అవ్వ దీపం ముట్టించబోతే బాపు ఆపాడు. "జర ఆగు," అన్నాడు. దండెం మీద నూలు చుట్టలు వేలాడుతున్నాయి. మసక చీకట్లో ఎరుపు ఏదో, పచ్చ ఏదో తెలియడం లేదు. కొన్ని చుట్టలు మాత్రం తెల్లగా, కొన్ని నల్లగా, కొన్ని మధ్యరకంగా కనబడుతున్నాయి. బాపు వాటి ముందు నిలబడి చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు.

"కెమెరా కన్ను గిదే," అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం మా ఇంట్లో దీపం ఆలస్యమే. ఆ మసకలోనే ఏ చుట్ట పక్కన ఏ చుట్ట తేలుతుందో చూసి రంగులు ఎంచాడు. చీరకు వెలిసిన నిమ్మకాయ రంగు. అంచుకు నశ్యం రంగు. గోపురాలకు ఉల్లిపొర రంగు. సావుకారి పని అయ్యాక మిగిలిన పొద్దులో కొంచెం కొంచెం నేశాడు. చీర మగ్గం మీద నుంచి దిగాక పగటి వెలుగులో చూసి అవ్వ నెత్తి కొట్టుకుంది.

"గిదేం చీర? మజ్జిగల నశ్యం ఒలికినట్టున్నది. పిల్ల గిది కట్టుకొని పట్నంల ఎట్ల తిరుగుతది?"

"తిరగనీకి కాదు, ఫొటోకు," అన్నాడు బాపు.

కానీ తిరగాల్సి వచ్చింది. స్టూడియో తెర వద్దని బాపు మొండికేశాడు. ఆ నెమళ్ళే తన అంచును మింగాయని ఆయన అనుమానం. ఫొటో సాబ్‌కు ఈ పిచ్చి ఎందుకో నచ్చింది. పొద్దు వాలాక కెమెరా పట్టుకుని బయటికి వస్తాననీ, అంతలోపు ఊళ్ళో మంచి జాగా చూసుకోమనీ అన్నాడు. ఇక చూడండి, ఆ మజ్జిగ చీర కట్టుకుని నేను ముందు, చెప్పులు టపటపలాడిస్తూ బాపు వెనక, కరీంనగరంతా తిరిగాం.

నా మనసంతా పట్నంలోని పెద్ద రాతి ద్వారం, కమాన్ మీదే. దాని కింద నిలబడితే, ఆ ఫొటో ఎవరు చూసినా నేను పట్నం చూసిన పిల్లనని తెలుస్తుంది. హాస్టల్ పిల్లలకు చూపించాలని అప్పటికే వంద కలలు కన్నాను. బాపు కమాన్ రాళ్ళ మీద నా కొంగు పరిచి, కళ్ళు సగం మూసి చూశాడు. "నల్లగున్నది. అంచు కలిసిపోతది," అన్నాడు. కాలేజీ గోడకు కొత్తగా సున్నం వేశారు. "గిది మరీ తెలుపు. చీర పోతది." బస్టాండు దగ్గర జనం. మందులషాపు పక్కన పచ్చ తలుపు. ప్రతిచోటా నా కొంగు పట్టుకుని గోడకు ఆనించడం, కళ్ళు చికిలించడం. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఒకామె నా చీర చూసి పక్కామెకు ఏదో చెప్పి ముసిముసిగా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి బాపు నన్ను మానేరు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అక్కడ చాకలివాళ్ళు బట్టలారేసే పెద్ద బండరాయి ఉంది. నల్లగా కాదు, తెల్లగా కాదు, మధ్యరకం. కొంగు పరిచి చూసి, "దొరికింది!" అని కేక వేశాడు.

నాకు ఏడుపొచ్చింది. "గీ గుండు కోసం కరీంనగర్ దాక రావాల్నా బాపు? మన ఊర్ల గుండ్లు లేవా?"

"గుండ్లున్నయ్ బిడ్డా. కెమెరా లేదుగద," అన్నాడు శాంతంగా.

పొద్దు వాలాక బాపు వెళ్ళి పిలిస్తే ఫొటో సాబ్ వచ్చి, మూడు కాళ్ళ కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాడు. "జర నవ్వమ్మా," అన్నాడు. నేను మూతి ముడుచుకునే ఉన్నాను. బాపు పరుగున వచ్చి కుచ్చిళ్ళు సర్ది, అంచు కెమెరా వైపు తిప్పి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కొంగు సర్దాడు.

"పిల్ల నవ్వుతలేదు పెద్దాయనా," అన్నాడు సాబ్.

"మొఖం ఎట్లున్నా ఫికర్ లేదు. అంచు మడతపడకుంటే చాలు," అన్నాడు బాపు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. కన్న బిడ్డ ముఖం కన్నా అంచు ఎక్కువైందా? కళ్ళెర్రజేసి బాపు వైపు చూశాను. సరిగ్గా అప్పుడే కెమెరా టక్కుమంది.

ఫొటో వచ్చింది. రెండు ప్రతులు. ఆ చీర చూస్తే ఎవరి కళ్ళయినా చెదరాల్సిందే. తెల్లటి చీర మీద నల్లటి అంచు, అంచులో గోపురాలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. బాపు గోటితో ఒక్కొక్క గోపురం తాకుతూ వెళ్ళి, ఒకచోట ఆగి, "గీడ ఒక పోగు తప్పింది," అని తృప్తిగా నవ్వాడు. ఆ చీర పైన, పులుసులో ఉప్పెక్కువైనట్టు నా ముఖం.

ఒక ప్రతి నా ట్రంకులో ఆదిలాబాద్ వెళ్ళింది. హాస్టల్ పిల్లలు ఫొటో చూసి ఆ చీర ఒక్కసారి చూపించమని వెంటపడ్డారు. తీసి చూపిస్తే అందరూ పడీపడీ నవ్వారు. మరునాడు పట్టుబట్టి అదే చీర కట్టుకుని క్లాసుకు పోయాను. మా బాపు నేసిన చీర అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను.

మొదటి సెలవులకు ఇంటికి వచ్చేసరికి రెండో ప్రతి మగ్గానికి ఎదురుగా గోడ మీద ఉంది. మాపటివేళ బాపు నేత ఆపి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే ఊరికే ఫొటో చూస్తున్నాడు. "రోజూ గిదే తంతు. దీపం కూడ ముట్టియ్యనియ్యడు," అంది అవ్వ.

నేను దగ్గరికి వెళ్ళాను. చీకటి పడుతోంది. గోపురాలు కనబడడం లేదు.

"గీ చీకట్ల అంచు ఏం కనవడ్తది బాపు?"

"అంచు చూస్తలేను బిడ్డా. అంచు నా చేతులకు యాదికున్నది, ఎప్పుడన్న నేస్తా," అన్నాడు. "నీ మొఖం నేసుడు నాకు రాదుగద. అలిగితే నువ్వు గట్లనే ఉంటవు."

నేను బాపు పక్కన కూర్చున్నాను. ఆ పూట దీపం నేనే ముట్టించాను, కొంచెం ఆలస్యంగా.